చుక్కల చేమకు నీళ్ళు

మగ్దలీనమ్మ ఆకు కాడ మీద వేలు పెట్టి చూసింది. మొన్నటిదాకా గట్టిగా నిలబడ్డ కాడ ఉడికిన వంకాయలాగా మెత్తగా తగిలింది. వంగి వాసన చూసింది. మట్టిలోంచి చెడు వాసన వస్తోంది. వేలు కుండలోకి దించి చూస్తే లోపలంతా బురద. ఈ వారంలో తను ఒక్క చుక్క కూడా పోయలేదు.

కుండ అంచున ఏదో పసుపు మరక కనిపించింది. కొంగుతో తుడిచేసింది గానీ దాని గురించి ఆలోచించలేదు. ఆలోచించే స్థితిలో లేదు.

గిద్దలూరుకు ఇవతల, నల్లమల అంచున ఉన్న ఆ స్టేషన్ను అందరూ అడవి స్టేషను అనేవాళ్ళు. వెదురు కట్టలూ టేకు దుంగలూ బండికెక్కించడానికే అది పుట్టింది. మనుషులు దిగేది తక్కువ, ఎక్కేది మరీ తక్కువ. అయినా ఫస్టు క్లాసు వెయిటింగు రూము ఒకటుంది, ఏడాదికోసారి వేటకు వచ్చే దొరల కోసం. మిగిలిన ఏడాదంతా అందులో కాపురముండేది రెండు పేము కుర్చీలు, ఒక నిలువుటద్దం, ఈ మొక్క. ఎండాకాలంలో ప్లాటుఫారం మీద మనుషులు పెనం మీద అట్టుల్లాగా మాడుతుంటే ఆ గదిలో మాత్రం చల్లగా ఉండేది. మనిషికి దక్కని నీడ మొక్కకు దక్కింది. దాని రాత అట్లా ఉంది మరి.

ఆ మొక్కను తెచ్చింది అడవి శాఖ దొర పెళ్ళాం. బెంగుళూరు నుంచి తెస్తూ, డేరాల్లో ఎండకు తట్టుకోదని ఇక్కడ వదిలి వెళ్ళింది. చూడటానికి చేమ ఆకే. కానీ నడుమ కుంకుమ ఒలికినట్టు ఎరుపు, చుట్టూ ఆకుపచ్చ, దాని మీద సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు. దాని అసలు పేరేమిటో దొరసాని చెప్పింది గానీ ఎవరికీ నోరు తిరగలేదు. చుక్కల చేమ అని మగ్దలీనమ్మే పేరు పెట్టింది. ఎండ తగలకూడదని, ఆకులు తడిగుడ్డతో తుడవాలని, మట్టి ఆరితేనే నీళ్ళు పోయాలని దొరసాని చెబితే స్టేషను మాస్టరు తెలుగు చేసి చెప్పాడు. అప్పటినుంచి దానికి తల్లీ తండ్రీ మగ్దలీనమ్మే అయింది.

సాయంకాలం ప్యాసింజరు వెళ్ళిపోయాక, ప్లాటుఫారం ఊడ్చాక, చివరి పనిగా ఆ గది తాళం తీసేది. నేల ఊడ్చి, అద్దం తుడిచి, అప్పుడు మొక్క దగ్గర చతికిలపడేది. మెత్తటి పాత గుడ్డ తడిపి, ఎడమ అరచేయి ఆకు కింద ఆనించి, కుడి చేత్తో ఈనె వెంబడి లోపలినుంచి బయటికి తుడిచేది. ఆకు చినగకూడదు గదా. తర్వాత వేలు పెట్టి మట్టి చూసి, ఆరి ఉంటే తన కడవలోంచి తెచ్చిన నీళ్ళు కొబ్బరి చిప్పతో పోసేది. అన్నీ అయ్యాక కూడా లేచేది కాదు. మోకాలి నొప్పి సంగతి, ఆ రోజు బండిలో కనిపించిన పెళ్ళివారి సంగతి, అర్ధవీడులో తనవాళ్ళు మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోయి ఇంకా తిరిగి రాని సంగతి, అన్నీ దానికి చెప్పేది. చివర్లో గొంతు తగ్గించి ఒక కీర్తన పాడేది. మొగుడు ఏబేలు రైలు గ్యాంగులో పనిచేసి, పట్టాల అవతల మట్టిలో పడుకున్నాక, ఆమె పాట వినే ప్రాణి అదొక్కటే. నాలుగు మాటలు చెప్పుకోవడానికి మొక్కేమిటి అని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. అడవి స్టేషన్లో ఒక్క నెల ఒంటిగా ఉండి చూసి నవ్వమనాలి.

మర్నాడు పొద్దున బావి దగ్గర మస్తానయ్యను నిలదీసింది. మస్తానయ్య పాయింటుమేను, బండ్లకు పట్టాలు మార్చేవాడు. ఆమె బావిలో చేద వేయకూడదు. కడవ గట్టు కింద పెట్టి దూరంగా నిలబడితే, ఎవరైనా తోడి పైనుంచి పోయాలి. ఆ ఎవరైనా అనేవాడు మస్తానయ్యే. వాడికి బుద్ధి పుట్టినప్పుడు నీళ్ళు, లేనప్పుడు ఎదురుచూపులు. అందుకని వాడితో తగువు పెట్టుకోవడం అంత తెలివైన పని కాదు. అయినా కడుపు మండితే తెలివి ఎక్కడ నిలుస్తుంది?

"మస్తానూ, నిజం చెప్పు. గదిలో మొక్కకు నువ్వేమన్నా నీళ్ళు పోస్తా ఉండావా?"

మస్తానయ్య బొక్కెన గట్టుమీద పెట్టి ఆమె వంక విచిత్రంగా చూశాడు. నీ కడవకు పోయడానికే నాకు నడుము విరుగుతోంది, దొరసాని మొక్కకు కూడానా అన్నాడు. చెంబు కడిగిన నీళ్ళు పారబోశావేమోనంటే, తాళం నీ మొలలో పెట్టుకుని నన్నడుగుతావేంది అన్నాడు. అది నిజమే. తాళం ఆమె మొలలోనే ఉంది. రెండో తాళం మాస్టరు ఇంట్లో గోడ మేకుకు ఉంటుంది. మాస్టరు మొక్కలకు నీళ్ళు పోసే మనిషి కాదు. తాను తాగే నీళ్ళు కూడా పెళ్ళాం అందించాల్సిందే.

మొక్క చచ్చేలా ఉందని చెబితే మస్తానయ్య జాలిపడకపోగా ఉపాయం చెప్పాడు. చెరువు కాడ చేమలు బలంగా ఉండాయి అక్కా, ఒకటి పీక్కొస్తా, స్టేషను రాళ్ళకు కొట్టే సున్నం, కావీ ఉండనే ఉండాయి, చుక్కలు పెడదాం, ఏ దొరసానికి తెలుస్తాది అని పడీపడీ నవ్వాడు. మగ్దలీనమ్మ నవ్వలేదు. కడవ ఎత్తుకుని వచ్చేసింది.

నవ్వే పరిస్థితి కాదని మధ్యాహ్నానికే తెలిసిపోయింది. దొరలు సోమవారం వస్తున్నారని కబురందింది. మాస్టరు స్వయంగా గది చూడటానికి వచ్చాడు. ఆయనది కృష్ణ ఒడ్డున ఏదో ఊరు. ఈ అడవిలోంచి తన వైపు బదిలీ కావాలని ఆయన మొక్కని దేవుడు లేడు. నిరుడు దొరసాని మొక్కను చూసి మురిసిపోయినప్పుడు, అంతా తన శ్రద్ధేనని చెప్పుకున్నాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే అదే. ఈసారి దొర చెవిలో బదిలీ మాట వేద్దామని చూస్తున్నాడు. అట్లాంటి మనిషికి వాలిపోయిన ఆకులు, పసుపుబారిన కాడలు కనిపించాయి.

ఆయన అరవలేదు. గుమ్మం బయటే నిలబడి, ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దొరసాని బండి దిగగానే అడిగేది నన్ను కాదు, ఈ మొక్కని," అన్నాడు చివరికి. "సోమవారానికి ఇది లేచి నిలబడాలి. లేదంటే నువ్వు గది ఖాళీ చేసి వెళ్ళిపోదువుగాని. గ్యాంగు మేస్త్రీ వాళ్ళ మనిషి ఎప్పటినుంచో ఈ పని అడుగుతోంది."

గది అంటే సిగ్నలు దగ్గర ఉన్న ఆమె రేకుల గది. పని పోతే గదీ పోతుంది. గది పోతే పట్టాల అవతల ఉన్న ఏబేలు సమాధికి ఆదివారం పూట మట్టి సర్దేవాళ్ళు ఉండరు. వెళ్ళడానికి అర్ధవీడులో గుడిసె ఉంది గానీ అందులో మనుషులు లేరు. ఇవన్నీ మాస్టరుకు చెప్పే మాటలు కావు. అట్లనే సామీ అంది.

ఆ సాయంకాలం పసుపుబారిన ఆకులు రెండు కోసింది. మట్టి పైపైన తీసేసి, పొయ్యిలో వేడి చేసిన పొడి ఇసుక చల్లార్చి పోసింది. పైన వేలితో గీత గీసి గుర్తు పెట్టింది. దొంగ ఎవరో తేల్చుకోవాలి. కిటికీ తలుపులు గడియ వేసి ఉన్నాయి, కప్పు కారడం లేదు. నీళ్ళు తమంత తాము నడిచి రావు గదా.

పొద్దున తాళం తీసి చూస్తే ఇసుక మళ్ళీ తడిసిపోయి ఉంది. గీత లేదు. సాయంకాలానికీ పొద్దుటికీ మధ్య ఎవరో వచ్చిపోయారు. మగ్దలీనమ్మకు ఒళ్ళు మండిపోయింది. తన మీద పగతో ఎవరో కావాలని చేస్తున్నారనుకుంది. మేస్త్రీ మనిషే చేయిస్తోందేమో, మస్తానయ్య అందులో ఉన్నాడేమో, నవ్వింది అందుకేనేమో. ఆ రోజంతా ఆమె చీపురు నేలకు ఎంత గట్టిగా తగిలిందంటే, ప్లాటుఫారం మీది కుక్క కూడా పక్కకు తప్పుకుంది.

మరుసటి రోజు కోడి కూయకముందే లేచి, దుప్పటి కప్పుకుని వచ్చి, వెదురు కట్టల చాటున కూర్చుంది. కార్తీకమాసపు చలి ఎముకల్లోకి దిగుతోంది. తూర్పున ఇంకా తెలుపు రాలేదు. దొంగ దొరికితే ఏం తిట్టాలో మనసులో వరుస పెట్టుకుంటోంది.

మాస్టరు క్వార్టరు తలుపు తెరుచుకుంది. చేతిలో చిన్న ప్రమిద, మరో చేతిలో ఇత్తడి చెంబు, తడి చీర, వీపు మీద నీళ్ళు కారుతున్న జుట్టు. మాస్టరు పెళ్ళాం లక్ష్మీనరసమ్మ.

మగ్దలీనమ్మ వెదురు కట్టల చాటుకు ఇంకా ఒదిగింది. ఆ పిల్ల కాపురానికి వచ్చి ఏడాదైనా కాలేదు. మార్కాపురం పిల్ల. పుట్టింటికి బండిలో పూట ప్రయాణం. రోజూ ఆ బండి ఆమె కిటికీ ముందునుంచే పోతుంది, ఆమె మాత్రం ఎక్కదు. దొడ్డి ఊడ్చడానికి మగ్దలీనమ్మ వెళితే లోపలికి తప్పుకునేది. ఆమె గొంతు ఎట్లా ఉంటుందో కూడా మగ్దలీనమ్మకు తెలియదు. క్వార్టరు దొడ్లో తులసికోట కట్టించమని ఆమె అడిగిందనీ, రేపో మాపో బదిలీ అయ్యేవాళ్ళకు కోటలెందుకని మాస్టరు కసిరాడనీ మస్తానయ్య ఒకసారి చెప్పాడు.

లక్ష్మీనరసమ్మ గది తాళం తీసి లోపలికి పోయింది. తలుపు ఓరగా ఉండిపోయింది. మగ్దలీనమ్మ గోడ వారగా వచ్చి చూసింది. ఆ పిల్ల ప్రమిదను కుండ పక్కన పెట్టింది. పసుపు వేళ్ళతో కుండ అంచు తాకింది. చెంబెత్తి, తులసమ్మకు పోసినట్టే, ధార తెగకుండా నీళ్ళు పోసింది. దండం పెట్టలేదు, చుట్టూ తిరగలేదు. పేము కుర్చీల్లో కూర్చోలేదు. నేల మీద, సరిగ్గా మగ్దలీనమ్మ కూర్చునే చోటే కూర్చుంది.

తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. రాత్రి కలలో అమ్మ కనపడిందని చెప్పింది. నిన్న పులుసులో ఉప్పు ఎక్కువైతే ఆయన కంచం తోసేశాడని చెప్పింది. ఈ ఊళ్ళో పలకరించే ఆడమనిషి లేదని, ఇట్లా ఇంకొన్నాళ్ళుంటే మాటలు మరిచిపోతానేమోనని చెప్పి, తనే కాస్త నవ్వింది. చలిలో పళ్ళు టకటకలాడుతున్నా లేవలేదు.

మగ్దలీనమ్మకు మొదట వచ్చింది కోపం. నా మొక్కతో నీకేం మాటలు అనుకుంది. అవును, అసూయే. ఇంటి నిండా సామాను, పెట్టె నిండా చీరలున్న మనిషి, తనకున్న ఆ ఒక్క దాన్ని కూడా పంచుకుంటుందా? తాను సాయంత్రం చెప్పిన కష్టం మీదనే ఈమె పొద్దున తన కష్టం పోస్తోంది. మొక్క కుళ్ళిపోయిందంటే కుళ్ళిపోదూ మరి!

అంతలో లక్ష్మీనరసమ్మ ముందుకు వంగి, వాలిన ఆకును రెండు వేళ్ళతో పైకెత్తింది.

"ఏంది ఇట్ల వాడిపోతున్నావు? నీళ్ళు చాలడం లేదా నీకు?"

అని, చెంబులో మిగిలిన నీళ్ళు కూడా పోసేసింది.

వద్దమ్మా అన్న మాట మగ్దలీనమ్మ గొంతుదాకా వచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. ఈ చీకట్లో తన గొంతు వింటే ఆ పిల్ల గుండె ఆగిపోతుంది. మాలపల్లె మనిషి రోజూ తుడిచే మొక్కను మడి చీరతో తాకిందని బయటపడితే, మాస్టరు ఊరుకోడు, కృష్ణ ఒడ్డున ఉన్న అత్తగారు అసలే ఊరుకోదు. అది ఆ పిల్లకూ తెలుసు. తెలిసే వచ్చింది. తెల్లారకముందే వచ్చింది. మగ్దలీనమ్మ వచ్చినట్టే వెనక్కి నడిచి, తన గదిలోకి పోయి, దుప్పటి ముసుగేసుకుని కూర్చుంది. వరుస పెట్టుకున్న తిట్లన్నీ వృథా అయిపోయాయి.

ఆ రోజు శనివారం. మిట్టమధ్యాహ్నానికి మొక్క పూర్తిగా పడిపోయింది. మాస్టరు ఆమెను ఆఫీసు గది బయటికి పిలిపించాడు. ఆ గది గోడకు అవతలే ఆయన వంటిల్లు. ఏం చేశావో చెప్పు అన్నాడు. వేడి ఇసుక పోశావట, మస్తానయ్య చూశాడట, మొక్కకు ఎవరైనా వేడి ఇసుక పోస్తారా అన్నాడు. ఇంకెవరైనా లోపలికి వచ్చారా, చెప్పు, వాళ్ళ సంగతి నేను చూస్తాను అన్నాడు.

ఒక్క మాట అంటే చాలు. ఆ మాట ఆమె నాలుక మీదే ఉంది. గోడ అవతల అప్పటిదాకా వినిపిస్తున్న రోటి చప్పుడు ఆగిపోయింది.

"ఎవురూ రాలేదు సామీ. నా చెయ్యే ఎక్కువైంది. చలికాలమని చూసుకోకుండా నీళ్ళు పోసినాను."

సోమవారం బండి వెళ్ళగానే సామాను సర్దుకోమని మాస్టరు చెప్పాడు. దొరసాని తిడితే ఎదురుగా ఉండి తిట్లు తినడానికే ఆ రెండు రోజుల గడువు. ఆమె తలూపి వచ్చేసింది. గోడ అవతల రోలు ఆ తర్వాత కూడా చాలాసేపు మోగలేదు.

సాయంకాలం కుండను గది వెనక్కి తీసుకుపోయి బోర్లించింది. ముద్దగా మట్టి పడింది. గడ్డను చేత్తో పట్టుకుంటే కారిపోయింది. ఒక్కొక్క వేరూ విడదీస్తూ, కుళ్ళిన దాన్ని గోటితో గీకి పారేస్తూ వెతికింది. అడుగున ఒక పిల్లగడ్డ తగిలింది, రేగుపండంత. నొక్కి చూసింది. గట్టిగా ఉంది. దాన్ని కడగలేదు, కడిగితే మళ్ళీ నీళ్ళే. కొంగుతో తుడిచి, కుళ్ళు మిగలకుండా పొయ్యి బూడిద అద్ది, నోరు పగిలిన చిన్న ముంతలో పొడి మట్టి వేసి అందులో పెట్టింది. అది బతుకుతుందో లేదో తెలియదు. మొక్క పోయినందుకు ఆ రోజు ఏడవని మనిషి, ఆ పిల్లగడ్డను చూసి ఏడ్చింది.

ఆదివారం పొద్దున క్వార్టరు దొడ్డి ఊడ్చడానికి వెళ్ళింది. లక్ష్మీనరసమ్మ వంటింటి గుమ్మంలో చాట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. ఎప్పటిలాగా లోపలికి పోలేదు. ఇద్దరి మధ్యా దొడ్డంత దూరం ఉంది. మగ్దలీనమ్మ తలెత్తకుండా ఊడుస్తూనే మాట మొదలుపెట్టింది.

"చలికాలం దానికి దాహముండదమ్మా. తులసమ్మకు పోసినట్టు రోజూ పోస్తే ఊపిరాడక చస్తాది. పిల్లగడ్డ ఒకటి మిగిలింది. రేపు పోయేటప్పుడు ముంతను ఈ గోడ నీడన పెట్టిపోతా. వేలు పెట్టి చూసి, తడి లేకుంటేనే చిప్పెడు పొయ్యండి. ఆకొచ్చినాక మెత్తటి గుడ్డతో తుడవండి. ఈనె వెంబడి తుడవాల, అడ్డం తుడిస్తే చినుగుతాది."

చాట ఆగిపోయింది. బియ్యం కొన్ని గుమ్మం మీద చిందాయి.

"నన్ను చూసినావా?"

"చూసినానమ్మా."

"మరి ఆయనకెందుకు చెప్పలేదు?"

మగ్దలీనమ్మ చీపురు నేలకు కొట్టి పుల్లలు సమం చేసుకుంది. ఈ ప్రశ్న రాత్రంతా ఆమె తనను తానే అడుక్కుంది.

"చెప్తే నా పని నిలుస్తాది. మీకు మాట చెప్పుకునేదానికి ఆ గది కూడా లేకుండా పోతాది."

లక్ష్మీనరసమ్మ ఏదో అనబోయింది. లోపలినుంచి మాస్టరు దగ్గు వినిపించింది. ఆ పిల్ల చాట తీసుకుని లోపలికి పోయింది. మగ్దలీనమ్మ మిగిలిన దొడ్డి ఊడ్చి, చెత్త ఎత్తి, పట్టాలు దాటి ఏబేలు దగ్గరికి పోయి మట్టి సర్దింది. ఇకమీద రాలేనని చెప్పింది. ఆ రోజు కీర్తన పాడలేదు.

సోమవారం స్టేషనంతా పెళ్ళికొచ్చినట్టు ఉంది. రాళ్ళకు సున్నం, గుంజలకు కావి. మాస్టరు గుండీలు మెరుస్తున్నాయి. పచ్చి కొమ్మలు కట్టిన గుమ్మం వెనక వెయిటింగు రూము తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మొక్క ఉండే చోట నేల మీద గుండ్రటి మరక మాత్రం మిగిలింది. మగ్దలీనమ్మ దాన్ని ఎంత రుద్దినా పోలేదు. ఆమె మూట ప్లాటుఫారం చివర వేపచెట్టు కింద పెట్టి ఉంది. మూట మీద ముంత.

ప్యాసింజరు వచ్చింది. ఫస్టు క్లాసు పెట్టె ఖాళీగా ఆగింది. ఎవరూ దిగలేదు. మాస్టరు ఆ పెట్టె కిటికీల్లోకి ఒకటొకటిగా తొంగిచూసుకుంటూ పోయాడు. గార్డు దిగివచ్చి, దొరలు నంద్యాల మీదుగా మోటారులో పోయినారంట, రోడ్డు బాగైంది గదా, ఇక బండెక్కి వచ్చే శ్రమ వాళ్ళకెందుకు అన్నాడు. జెండా ఊపాడు. బండి మార్కాపురం వైపు సాగిపోయింది.

మాస్టరు అట్లాగే నిలబడిపోయాడు. ఆయన బదిలీ మోటారెక్కి నంద్యాల దారి పట్టింది. పాపం, ఆయన ముఖం చూస్తే మగ్దలీనమ్మకు కూడా జాలి వేసింది. అంతటి జాలి ఆయనకు లేకపోయింది. దొర దిగనంత మాత్రాన మాట మాటే, మూట తీసుకుని బయలుదేరు అన్నాడు ఆమెతో. ఆమె వంగి మూట ఎత్తబోయింది.

క్వార్టరు వైపునుంచి ఎవరో వస్తున్నారు. లక్ష్మీనరసమ్మ. కాపురానికి వచ్చి దిగాక, పట్టపగలు ఆమె ప్లాటుఫారం మీద అడుగుపెట్టడం అదే మొదలు. ఆ దిగడమే, మళ్ళీ బండెక్కింది లేదు. తల వంచుకుని, కొంగు చుట్టూ కప్పుకుని, మొగుడికి రెండడుగుల దూరంలో నిలబడింది. మాట తడబడలేదు.

"ఆమె తప్పేమీ లేదు. నీళ్ళు పోసింది నేను. కార్తీకం మొదలైనప్పటినుంచి రోజూ తెల్లవారుజామున పోసినాను. మీరు తులసి తెప్పించలేదు. ఏదో ఒక మొక్కకు నీళ్ళు పోయనిదే నాకు పొద్దు తెల్లారినట్టుండదు."

మాస్టరు ముఖంలో రంగులు మారాయి. మొదట పెళ్ళాం వంక, తర్వాత మగ్దలీనమ్మ వంక, ఆ తర్వాత, అసలు భయమంతా అక్కడే గనక, మస్తానయ్య వంక చూశాడు. ఈ మాట గిద్దలూరు చేరితే సాయంకాలానికి కృష్ణ ఒడ్డు చేరుతుంది. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పని. మస్తానయ్య అప్పటికే అటు తిరిగి, చుట్టిన జెండానే విప్పి మళ్ళీ చుట్టుకుంటున్నాడు. జన్మలో మొదటిసారి వాడు ఏమీ విననట్టు నటించాడు.

"ఇంట్లోకి నడు," అన్నాడు మాస్టరు నోట్లో నోట్లో.

లక్ష్మీనరసమ్మ వెంటనే కదలలేదు. వేపచెట్టు కింది మూట వంక చూస్తూ నిలబడింది. మాస్టరుకు అర్థమైంది. ఆయన మగ్దలీనమ్మ వైపు చూడకుండానే, గోడకు కొట్టిన సున్నంతో అన్నట్టుగా అన్నాడు.

"బండి వెళ్ళిపోయింది. ప్లాటుఫారం ఎవరు ఊడుస్తారు?"

"ఊడుస్తా సామీ," అంది మగ్దలీనమ్మ. మూట వదిలి చీపురు అందుకుంది. ప్లాటుఫారం చివరినుంచి ఊడవడం మొదలుపెట్టింది. అప్పటికి గానీ లక్ష్మీనరసమ్మ వెనక్కి తిరగలేదు.

పని నిలిచింది. కానీ ఆ సాయంకాలం మాస్టరు రెండు తాళాలూ తీసుకుని తన పెట్టెలో వేసుకున్నాడు. దొరలు రాని గదిని ఊడ్చే అవసరం లేదన్నాడు. కిటికీ సందులోంచి చూస్తే లోపల పేము కుర్చీలు, అద్దం. ఇంకేం లేదు. పొద్దు పోయే వేళకు మగ్దలీనమ్మ కాళ్ళు అలవాటు చొప్పున ఆ తలుపు దాకా పోయి వెనక్కి వచ్చేవి. తన గదిలో ముంత ముందు కూర్చునేది గానీ, మట్టితో ఏం మాట్లాడుతుంది? పిల్లగడ్డ ఉలకదు, పలకదు. పని పోయి ఉంటేనే నయమేమోనని కూడా ఒక సాయంకాలం అనిపించింది. క్వార్టరు కిటికీ కూడా మూసే ఉండేది. ఇద్దరిదీ ఒకే గది, ఒకే రోజు పోయింది.

కార్తీకం ఇంకా వెళ్ళలేదు. ఒక పొద్దున కడవ ఎత్తుకుని బావి దగ్గరికి పోతే గట్టు మీద మస్తానయ్య లేడు. లక్ష్మీనరసమ్మ ఉంది. కొంగు నడుముకు చెక్కి, బొక్కెన తాడు రెండు చేతులా పట్టుకుని ఉంది. మగ్దలీనమ్మ ఆగిపోయింది. కార్తీకంలో నీళ్ళు పోస్తే పుణ్యమని మొగుడితో చెప్పిందట. పుణ్యానికి అడ్డు చెప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది. గదికి తాళం వేశాడు గానీ బావికి ఎవరు తాళం వేయగలరు?

మగ్దలీనమ్మ కడవ గట్టు కింద పెట్టి, అలవాటు ప్రకారం దూరంగా జరిగింది. లక్ష్మీనరసమ్మ పైనుంచి పోసింది. అలవాటు లేని చెయ్యి, సగం నీళ్ళు నేలపాలయ్యాయి. కడవ నిండేదాకా మళ్ళీ మళ్ళీ తోడింది. నిండాక ఆ పిల్ల బొక్కెన పక్కన పెట్టలేదు.

"దానికి?" అని అడిగింది.

"ఈ పొద్దు వద్దమ్మా. మట్టి తడిగానే ఉంది."

"మొలక వచ్చిందా?"

"యాడొచ్చింది. వానలు పడాల. అప్పటిదాకా నిద్రే."

"సరే. రేపు అడుగుతా."

మర్నాడూ అడిగింది. తడిగానే ఉందమ్మా అంది మగ్దలీనమ్మ. ఆమె కుంటడం చూసి, మోకాలు ఎట్లుందని ఆ పిల్ల అడిగింది. నొప్పే అంది. మీకు అమ్మ మళ్ళీ కలలో వచ్చిందా అని మగ్దలీనమ్మ అడిగితే, ఆ పిల్ల తాడు వదలకుండానే, వచ్చింది, రాత్రే వచ్చింది అని మొదలుపెట్టింది. కడవ నిండి పొర్లిపోతున్నా ఇద్దరూ చూసుకోలేదు.

ముంతలో మట్టి అంత తొందరగా ఆరదని లక్ష్మీనరసమ్మకు ఇప్పుడు బాగా తెలుసు. వానలు పడేదాకా దానికి నీళ్ళతో పనే లేదని మగ్దలీనమ్మకూ తెలుసు. అయినా మరుసటి పొద్దున బావి దగ్గర గిలక కిర్రుమనగానే మగ్దలీనమ్మ ముంతలో వేలు పెట్టి చూసి, కడవ చంకనెత్తుకుని, చెప్పడానికి బయలుదేరింది.